క్రిస్మస్ తాత చేతిలో శాక్సోఫోను

కాంగ్ దెమావ్‌ని పార్కులోంచి వెళ్లగొట్టాలని చేతులెత్తిన వాళ్లలో మొదటి చెయ్యి అతని భార్యదే. ఈ సంగతి మా బావోజీ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. తెలియనట్టు నటించేవాళ్లు కూడా లేరు. దెమావ్ ఉల్లికాడలు కొనడానికి బజారుకి వెళ్లినా సరే, కూరగాయలమ్మి కట్ట చేతిలో పెడుతూ, "మీ ఇంట్లో ఓట్లెలా ఉన్నాయి?" అని అడిగేది.

అసలు తప్పు దెమావ్‌ది కూడా కాదు, అతని పాత ఉద్యోగానిది. అతను నూలు మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. బొగ్గు ఎగదోయడం ఒక పని, షిఫ్టుల వేళకి ఆవిరి కూత వెయ్యడం రెండో పని. బొగ్గు ఎవరు ఎగదోసినా పట్టించుకునేవాడు కాదు. కూత గొలుసు మీద మాత్రం ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. అతను గొలుసు లాగితే ఊరు ఊరంతా లేచేది. పొయ్యిలు రాజుకునేవి, పిల్లలు బడికి పరిగెత్తేవారు, కొత్తగా పెళ్లయినవాళ్లు అతన్ని తిట్టుకుంటూ పక్క దిగేవారు. మిల్లు పెద్దలు ఎవరైనా ఉపన్యాసం దంచుతుండగా కూత పడితే, వాళ్లు కూడా నోరు మూసుకుని, అది అయ్యాకే మళ్లీ మొదలుపెట్టేవారు. పెద్దల నోరు మూయించే అధికారం ఊళ్లో ఇంకెవరికీ లేదు. దెమావ్ ఆ సుఖం బాగా మరిగాడు.

తర్వాత మిల్లు మూతపడింది. గొలుసు తుప్పు పట్టింది. దెమావ్ మాట వినేవాడు లేకుండా పోయాడు. ఇంట్లో కిటికీ వెయ్యమన్నా ఎవరూ వేసేవారు కాదు, లేచి తనే వేసుకోవాలి. అలాంటి రోజుల్లో ఒక నాటక బృందం వాళ్లు సామాను వదిలించుకుంటుంటే, అందులోంచి ఒక పాత శాక్సోఫోను ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని తనంతట తనే నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనే మాట అతని భార్య షెన్ యూఫెన్ ఒప్పుకోదు. అతను పాట ఎత్తుకుని రెండో చరణంలోకి వచ్చేసరికి, ఆవిడ ఉప్పు కావాలనో అల్లం కావాలనో పక్కింటికి పోయేది. ఒక్కోరోజు పక్కింటివాళ్లు కూడా ఇంట్లో ఉండేవారు కాదు.

వెయ్ నది ఒడ్డున పార్కులో పొద్దుటిపూట ఆడవాళ్లు నాట్యం చేస్తారు. విసనకర్రలు, ఎర్ర రుమాళ్లు, గట్టిగా పాడే ఒక డబ్బా. ఆ దండుకి నాయకురాలు యూఫెన్. అందులో అందరూ ఒకప్పుడు ఆ మిల్లులోనే మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లే. దెమావ్ వాళ్ల పాటకి తోడుగా ఊదుతానన్నాడు, సరేనన్నారు. పొరపాటు అక్కడే జరిగింది. దెమావ్‌కి మెత్తగా ఊదడం రాదు. ఏ పాటైనా కాస్త పైకి వెళ్లిందంటే చాలు, ఆ స్వరం పట్టుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి ఉన్నంతసేపూ వదిలిపెట్టడు. అది వినగానే ముందు వరస ఆడవాళ్లు విసనకర్రలు దించేసి, సంచులు తీసుకుని, గేటు వైపు నడక మొదలుపెట్టేవారు. షిఫ్టు అయిపోయిందని వాళ్ల కాళ్లకి తెలిసిపోయేది, తలలకి తర్వాత తెలిసేది. ఆ దండులోని లాంగ్ అత్తయితే ఒకరోజు సగం నాట్యంలో ఇంటికి వెళ్లిపోయి, నూడుల్సుకి పిండి కలిపి, పొయ్యి వెలిగించాక గాని తను రిటైరయ్యానని గుర్తు తెచ్చుకోలేదు. ఆవిడ పిండిచేతులతోనే పార్కుకి తిరిగి వచ్చి గొడవ పెట్టింది. దాని మీదే ఓటింగు.

"నాయకురాలిగా ఎత్తానయ్యా చెయ్యి. పెళ్లాంగా కాదు," అంది యూఫెన్ ఆ పూట.

"రెండు చేతులున్నాయిగా. రెండోది నాకోసం ఎత్తాల్సింది," అన్నాడు దెమావ్.

ఆ తర్వాత చాలా రోజులు అతను గోడ వైపు తిరిగి అన్నం తిన్నాడు. గోడకి చూపించే మొహం తనకి చూపించడం లేదని యూఫెన్‌కి మండిపోయింది. చివరికి ఆవిడే దిగి వచ్చింది. ఎన్నాళ్లుగానో ఆవిడకి పెద్ద ఊళ్లు తిరిగి రావాలని, ప్రతి ఊళ్లోనూ ఒక కొత్త రంగు పట్టు రుమాలు గాలికి ఎగరేసి ఫోటో దిగాలని కోరిక. రుమాళ్లు బీరువా నిండా పోగేసి ఉంచింది. "పోదాం పద. షీఆన్ చూద్దాం, చెంగ్దూ, చోంగ్‌చింగ్ చూద్దాం," అంది.

"శాక్సోఫోను కూడా వస్తుంది," అన్నాడు దెమావ్ గోడతో.

బేరం అక్కడ కుదిరింది. ఆ మూడు ఊళ్లలో ఎక్కడైనా, ఒక్కరంటే ఒక్క మనిషి అతని పాట మొదటినుంచి చివరిదాకా నిలబడి వింటే, యూఫెన్ వెనక్కి వచ్చి అతన్ని పార్కులో చేర్పించాలి, లాంగ్ అత్త కాళ్లు పట్టుకోవాల్సి వచ్చినా సరే. ఎవరూ వినకపోతే శాక్సోఫోను యూఫెన్ తమ్ముడికి పోతుంది. అతనికి కొండకింద ఆపిల్ తోట ఉంది. పిట్టల్ని తోలడానికి ఏదైనా ఉంటే పంపమని పోయిన ఏడు నుంచీ అడుగుతున్నాడు.

"ఎప్పుడు బయలుదేరదాం? ఎండలు వచ్చాక?" అంది యూఫెన్.

"క్రిస్మస్‌కి," అన్నాడు దెమావ్.

"అదేం పండగయ్యా మనకి? ఈ చలిలో ఎవడైనా ఊళ్లు తిరుగుతాడా?"

"రైళ్లు ఖాళీగా ఉంటాయి," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

అసలు కారణం వేరే ఉంది. మా ఊరి పెద్ద దుకాణం ముందు ఏటా డిసెంబరులో ఒక క్రిస్మస్ తాత వెలుస్తాడు. ఎర్రకోటు, తెల్లగడ్డం, చేతిలో శాక్సోఫోను. మీట నొక్కితే నడుము తిప్పుతూ ఊదుతాడు. మంగలిషాపు అద్దం మీద అతికించిన కాగితం తాత చేతిలోనూ శాక్సోఫోనే. మిఠాయి డబ్బా మీదా అదే. తాత వట్టిచేతులతో ఉండగా మా దేశంలో చూసినవాడు తక్కువ. దెమావ్ అది ఏళ్ల తరబడి గమనించి ఒక నిర్ణయానికి వచ్చాడు. పొయ్యికి ఒక దేవుడున్నాడు, గుమ్మానికి దేవుళ్లున్నారు, శాక్సోఫోనుకి ఈయన. పైగా ఈ దేవుడు ముసలివాడు, కాస్త లావు, ఎవరి దగ్గరా నేర్చుకోలేదని చూస్తేనే తెలుస్తుంది. అలాంటివాడి పండగనాడు, అదీ పెద్ద పట్నాల్లో, శాక్సోఫోను ఎత్తితే ఎవరు మాత్రం వినకుండా పోతారు? వినకపోతే పండగే కాదు.

అలా వాళ్లు బయలుదేరారు. యూఫెన్ వీపున రుమాళ్ల సంచి, చేతిలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు, చంకలో ఇంటినుంచి తెచ్చిన వెనిగర్ సీసా. పరాయి ఊరి వెనిగర్ ఆవిడ నాలుక మీద పెట్టుకోదు. దెమావ్ చేతిలో శాక్సోఫోను పెట్టె. దాన్ని రైల్లో సీటు మీద కూర్చోబెట్టి, తను అంచున కూర్చున్నాడు.

షీఆన్‌లో పని తొందరగా తెమిలిపోయింది. కోటగోడ కింద ఎండపొడ ఉన్న చోటు చూసి దెమావ్ ఊదడం మొదలుపెట్టాడు. అక్కడికి దగ్గర్లోనే మా వైపు నాటకపాటలు పాడే ముసలమ్మలు బల్లలు వేసుకుని కూర్చున్నారు. ఆ పాట వినని వాళ్లకి చెప్పినా తెలియదు. పాడేవాళ్లు గొంతు చించుకుంటారు, వినేవాళ్లు తల గోక్కుంటారు. నా పాట మధ్యలో ఎవడ్రా ఈ గొట్టంవాడు అన్నట్టు ఒకావిడ లేచి నడుముకి చెయ్యి ఆనించి ఒక్క రాగం తీసింది. దెమావ్ తన పై స్వరం పట్టుకున్నాడు. ఆవిడ ఇంకో మెట్టు ఎక్కింది. దెమావ్ మొహం ఎర్రబడింది, తర్వాత వంకాయరంగుకి తిరిగింది. ఆవిడకి చెమట కూడా పట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆవిడకి చప్పట్లు కొట్టారు.

"వేల కూతలేసినోణ్ణి, ఒక ముసలమ్మ చేతిలో ఓడిపోయాను," అన్నాడు దెమావ్ గోడకి చేరగిలబడి.

"ఆవిడ నీళ్లు కూడా తాగలేదయ్యా," అంది యూఫెన్ మెచ్చుకోలుగా. తర్వాత నీలం రుమాలు ఎగరేసి అతని చేత ఫోటో తీయించుకుంది. ఫోటోలో రుమాలు మాత్రమే వచ్చింది, మొహం రాలేదు.

చెంగ్దూలో వాళ్లు పార్కులోని టీ తోటకి వెళ్లారు. వెదురు కుర్చీలు, మూతల గిన్నెల్లో టీ, పొద్దుణ్నుంచి సాయంత్రందాకా లేవని జనం. బావోజీలో చలికి ముక్కులు రాలిపోతుంటే ఇక్కడ కోట్లు విప్పుకుని పుచ్చగింజలు నములుతున్నారు. దెమావ్‌కి ఆ ఊరు చూడగానే ఆశ పుట్టింది. పనిలేని జనం ఉన్న చోటే పాటకి విలువ ఉంటుందని అతని నమ్మకం.

తోట చివర ఒక వరసలో కొందరు మగవాళ్లు కుర్చీల్లో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, తలలు ఒక పక్కకి వాల్చి ఉన్నారు. దెమావ్ కంటికి అంతకంటే శ్రద్ధగల శ్రోతలు ఎక్కడా కనబడలేదు. వాళ్ల పక్కన వంగి నిలబడ్డవాళ్లు చెవులు శుభ్రం చేసేవాళ్లని, వాళ్ల చేతుల్లో సన్నటి కడ్డీలు ఉన్నాయని, ఆ కడ్డీలు శ్రోతల చెవుల్లో లోతుగా దిగి ఉన్నాయని అతను చూడలేదు. చూసినా ఆగేవాడు కాదనుకోండి. పెట్టె తెరిచి, ఎదురుగా నిలబడి, ఎత్తుకున్నాడు.

అందరికంటే ముందున్న లావుపాటి ఆయన ఒక కన్ను తెరిచాడు. అంతే, అంతకుమించి ఏమీ తెరవలేదు, కదిలించలేదు. కడ్డీ పట్టుకున్నవాడు చెయ్యి అదురుతుందేమోనని ఊపిరి బిగబట్టాడు. పక్కవాడు గుండెల మీద చేతులు కట్టుకుని కొయ్యబారిపోయాడు. వరస వరసంతా అలాగే ఉండిపోయింది. దెమావ్ మొదటి చరణం, రెండో చరణం, పై స్వరం, అది దిగి రావడం, అన్నీ ముగించి వంగి దండం పెట్టాడు. ఆ తర్వాతే కడ్డీలు మెల్లగా బయటికి వచ్చాయి.

"చూశావా?" అన్నాడు భార్య వైపు తిరిగి. "ఒక్కడు కాదు, వరస మొత్తం."

"లెక్కలోకి రాదు," అంది యూఫెన్.

"ఎందుకు రాదే? కదిలారా?"

"చెవిలో ఇనపకడ్డీ పెడితే నువ్వైనా కదలవు."

లావుపాటాయన చెవి రుద్దుకుంటూ లేచాడు. "అన్నా, తప్పు నాదేలే," అన్నాడు దెమావ్‌తో. "నిన్నటిదాకా ఈ చెవి వినపడేదే కాదు. ఇవాళే ఎందుకు శుభ్రం చేయించుకున్నానో."

చెవులవాడు మాత్రం నవ్వలేదు. "పెద్దనాన్నా, మీరు మళ్లీ మొదలుపెట్టేటట్టయితే ముందు చెప్పండి. నేను టీ తాగొస్తాను," అన్నాడు.

యూఫెన్ పకపకా నవ్వుతుందని దెమావ్ ఎదురుచూశాడు. ఆవిడ నవ్వబోతూ అతని మొహం చూసి ఆగింది. అతను కుర్చీలో కూర్చుని శాక్సోఫోను నోటిని తుడుస్తున్నాడు, తుడిచినదాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమేలే," అన్నాడు. "మిల్లులో ఊరంతా నా కూత వినేది. నా గొప్పా అది? వినకపోతే జీతం కోసేవాళ్లు. ఒక్కడు కూడా తన ఇష్టంకొద్దీ వినలేదు. పట్టి కూర్చోబెడితే విన్నట్టు కాదు యూఫెన్. ఎవడో ఒకడు, వెళ్లిపోగలిగి ఉండి కూడా, వెళ్లకుండా నిలబడాలి. ఒక్కసారి చాలు. తర్వాత పిట్టలకి ఇచ్చినా నాకు బాధ లేదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. యూఫెన్ ఫ్లాస్కు మూత తీసి వేణ్ణీళ్లు పోసిచ్చింది. అతను తాగాడు. ఆ పూట ఆవిడ రుమాలు కూడా తియ్యలేదు.

చోంగ్‌చింగ్ రైల్లో అతను తన రహస్యం విప్పాడు. క్రిస్మస్ తాత సంగతీ, ఆ పండక్కి శాక్సోఫోను వినడం ఆచారమన్న సంగతీ, అందుకే ఈ రోజులు చూసి బయలుదేరిన సంగతీ చెప్పాడు. యూఫెన్ ఎగతాళి చేస్తుందనుకున్నాడు. ఆవిడ మాత్రం, "అయ్యుండొచ్చు. లేకపోతే ఊరికే అన్నిచోట్లా దాన్నెందుకు మోస్తాడు?" అంది. ఎదుటి సీటులోని ఆసామి కూడా తలాడించాడు. ఆయన పిల్లల బడిలో లెక్కలు చెబుతాడట.

చోంగ్‌చింగ్‌లో దిగేసరికి క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం. ఆ ఊళ్లో నేల ఎక్కడుందో తెలియదు. మెట్లెక్కి వీధిలోకి వచ్చామనుకుంటే అది ఎవరిదో మేడ పైకప్పు. పైగా పొగమంచు. యూఫెన్ పసుపు రుమాలు ఎగరేస్తే రుమాలు కూడా కనబడలేదు.

దెమావ్ బలం కోసం ముందు నూడుల్స్ తిన్నాడు. ఆ వైపు నూడుల్సులో నోరు తిమ్మిరెక్కించే మిరియాలు వేస్తారని వాళ్లకి తెలుసు. ఎంత వేస్తారో తెలియదు. యూఫెన్ తన గిన్నెలో సగం సీసా వెనిగర్ గుమ్మరించి బతికిపోయింది. దెమావ్ మాత్రం దుకాణంవాడు చూస్తున్నాడని పౌరుషానికి గిన్నె అడుగు కనబడేదాకా లాగించాడు. లేచేసరికి పెదాలు లేవు. ఉన్నాయి, కానీ అవి ఇంకెవరివో.

"నా పెదాలు ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయి. వాచాయి," అంది యూఫెన్. "ఊదగలవా?"

"ఊదుతాను. వచ్చిందీ లేనిదీ నువ్వే చూసి చెప్పాలి."

చీకటి పడేవేళకి వాళ్లు ఊరి నడిబొడ్డున ఉన్న కూడలికి చేరారు. అప్పటికే జనం ఇసకేస్తే రాలనట్టు ఉంది. చాలామంది పడుచువాళ్లే. ప్రతివాడి చేతిలోనూ గాలి ఊదిన ప్లాస్టిక్ సుత్తి. ఎదురుగా ఎవరు వస్తే వాళ్ల నెత్తిన టప్‌మని ఒకటి వేసి నవ్వుతున్నారు, తిరిగి ఒకటి తిని నవ్వుతున్నారు. చోంగ్‌చింగ్‌లో ఆ రాత్రికి పండగంటే అదే. ఎందుకు కొడతారంటే ఎవరికీ తెలియదు, కొట్టకపోతే మాత్రం ఇంటికి వెళ్లరు.

ఒక అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి యూఫెన్ నెత్తిన టప్‌మనిపించింది. "పండగ, పెద్దమ్మా!"

"నా తల నీకేం చేసిందే?" అంది యూఫెన్. "మీ ఇంట్లో పెద్దవాళ్లు లేరా?"

"ఉన్నారు. వాళ్లు కూడా వచ్చారు, అదిగో," అని ఆ అమ్మాయి చూపించింది. నిజమే, వాళ్లమ్మ ఇంకొకణ్ణి కొడుతోంది.

దెమావ్‌కి ఇవేవీ కనబడలేదు. సబ్బులూ అత్తరులూ అమ్మే ఒక దుకాణం ముందు క్రిస్మస్ తాత నిలబడి ఉన్నాడు. బొమ్మ కాదు, మనిషి. ఎర్రకోటు, తెల్లగడ్డం, చేతిలో తళతళలాడే శాక్సోఫోను. దాంట్లోంచి పాట వస్తోంది, ఒక్క స్వరం కూడా తప్పు లేదు. దెమావ్ టోపీ తీసి, జుట్టు సవరించుకుని, పెట్టె రెండు చేతులా పట్టుకుని, కొత్త పనివాడు మేస్త్రీ ముందుకి వెళ్లినట్టు వెళ్లాడు.

"అయ్యా, గురువుగారూ," అన్నాడు.

"ఏం మొయ్యాలి అన్నా?" అన్నాడు తాత. అప్పుడు కనిపించింది, అతని వెనక గోడకి ఒక వెదురు బద్ద, దానికి చుట్టిన తాళ్లు. ఆ ఊరి మెట్లమీద బరువులు మోసే కూలీల బద్ద అది.

"మొయ్యడానికి కాదండీ. తమరి వాద్యం విని వచ్చాను."

"ఇదా?" తాత శాక్సోఫోను తిప్పి చూపించాడు. "ప్లాస్టిక్ అన్నా. ఇందాక దీనిమీద కూర్చుంటే కాస్త వంగింది కూడా. పాట ఆ డబ్బాలోంచి వస్తుంది."

"మరి తమరు ఊదరా?"

"ఇందులో గాలి దూరే కన్నమే లేదు."

దెమావ్ పెట్టె కిందికి దించాడు. "పోనీ, ఈ పండక్కి జనమంతా శాక్సోఫోను వింటారు కదా. ఆచారం కదా."

"ఎవరు చెప్పారు?" అన్నాడు తాత గడ్డం కిందికి లాగి గోక్కుంటూ. "పొద్దున పిలిచి కోటిచ్చారు, గడ్డమిచ్చారు, ఇదిచ్చారు, పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. రేపు చేపనిస్తే చేపని పట్టుకుంటాను. నువ్వేమైనా వాయిస్తావా అన్నా?"

దెమావ్ వెనక్కి వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. అతనికి దేవుడు ఉండీ లేకుండా పోయాడు. దారినపోయేవాడు ఒకడు నెత్తిన టప్‌మనిపించినా తలెత్తలేదు.

"మీ తమ్ముడికి ఇచ్చేద్దాం," అన్నాడు. "పిట్టలైనా వింటాయి."

"పిట్టలు వినడానికి కాదు, పారిపోడానికి అడిగాడు," అంది యూఫెన్. "ఇక్కడ నువ్వింకా ఊదనే లేదు. మూడు ఊళ్లన్నాం. మూడో ఊరు ఇది. లే."

"ఎవరే వినేది? చూడు వీళ్లని."

"అది తర్వాత సంగతి. లేవయ్యా ముందు."

పార్కులో ముప్పైమంది ఆడవాళ్లని ఒక్క చూపుతో వరసలో నిలబెట్టే గొంతు అది. దెమావ్ లేచాడు. తనవి కాని పెదాల మధ్య గొట్టం పెట్టుకుని పాట ఎత్తుకున్నాడు. ముందు గాలి వచ్చింది, తర్వాత తుంపరలు, చివరికి స్వరం. రెండో స్వరం మీద ఒకడు నెత్తిన కొట్టాడు, స్వరం విరిగింది. మళ్లీ ఎత్తుకున్నాడు. ఇద్దరు అమ్మాయిలు చెరో పక్కనుంచీ కొట్టారు. "బాగుంది తాతా," అని అరుస్తూనే వెళ్లిపోయారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే టప్‌మనిపించి పోతున్నారు. కళ్లు మూసుకుని ఊదుతున్న దెమావ్ కనురెప్పల కింద తడి మెరిసింది. మిరియాల ఘాటేనని ఎవరైనా అనుకుంటారు. యూఫెన్ అనుకోలేదు.

ఆవిడ ఫ్లాస్కు కింద పెట్టింది. పక్కన నవ్వుతున్న ఆ మొదటి అమ్మాయి చేతిలోంచి సుత్తి లాక్కుంది. దెమావ్ నెత్తిన కొట్టడానికి సుత్తి ఎత్తినవాణ్ణి ఆవిడే ముందు ఒకటి వేసింది. "ఆయన ఊదుతున్నాడు, కనబడటంలేదా?"

ఆ కుర్రాడు నవ్వి పోబోయాడు. ఇంకోటి పడింది. "ఎక్కడికి? పాట అయిపోలేదు. నిలబడు."

వాడు నిలబడ్డాడు. వాడి స్నేహితుడు ఏమిటా అని వచ్చాడు, వాడికీ ఒకటి తగిలింది, వాడూ నిలబడ్డాడు. ఇదేదో కొత్త ఆట అనుకుని ఇంకో గుంపు చేరింది. గుంపు కనబడితే యూఫెన్ చేతులు ఊరుకోవు. పొడుగువాళ్లని వెనక్కి పంపింది, పొట్టివాళ్లని ముందుకి లాగింది, వరసలు సరిచేసింది. "నువ్వు, పచ్చకోటు, కాస్త ఎడమకి. చేతులు దించు. నమలడం ఆపు." కదిలినవాడికి టప్. మాట్లాడినవాడికి టప్. ఫోటో తీయబోయినవాడికి రెండు. క్రిస్మస్ తాత కూడా తన డబ్బాలో పాట ఆపేసి, వెదురుబద్ద చేతికి తీసుకుని వెనక వరసలో నిలబడ్డాడు. కూడలి అంతా అరుపులతో హోరెత్తిపోతుంటే, ఆ ఒక్క మూల మాత్రం బడి ముందు ప్రార్థనలా ఉంది.

దెమావ్ కళ్లు తెరిచి చూశాడు. నమ్మలేక మళ్లీ మూసుకున్నాడు. అప్పటిదాకా ఊదిందంతా వదిలేసి పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. మొదటి చరణం దాటింది, రెండోదీ దాటింది, పై స్వరం దగ్గరికి వెళ్లి దాన్ని పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ ఊగాడు. ముందు వరసలో ఒక అమ్మాయి చెవులు మూసుకుంటే యూఫెన్ సుత్తి చూపించింది, అమ్మాయి చేతులు దించింది. స్వరం దిగి వచ్చి, చివరి మలుపు తిరిగి, కొంచెం పక్కకి ఒరిగి, ఎలాగో ఆగిపోయింది.

వరసలన్నీ ఒక్క పెట్టున విరగబడి నవ్వాయి. "ఇంకోసారి తాతా," అన్నారు ఎవరో. అందరూ వరసగా వచ్చి దెమావ్ నెత్తిన తలా ఒకటి వేసి, యూఫెన్ చేత తలా ఒకటి తిని, జనంలో కలిసిపోయారు. క్రిస్మస్ తాత కూడా తన డబ్బా దగ్గరికి వెళ్లిపోయాడు.

దెమావ్ శాక్సోఫోను తుడిచి పెట్టెలో పడుకోబెట్టాడు. మూత వేశాడు. యూఫెన్ అతని పక్కన మెట్టు మీద కూర్చుని రొప్పుతోంది. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"లెక్కలోకి రాదు," అన్నాడు అతను.

"ఏమిటి రానిది?"

"వాళ్లని సుత్తితో నిలబెట్టావు. చెంగ్దూలో కడ్డీ, ఇక్కడ సుత్తి. పందెం నువ్వే గెలిచావే. బాధేం లేదులే. బాగానే జరిగింది." అతను పెట్టె తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు. "రేపు రైలెక్కగానే మీ తమ్ముడికి కబురు చెయ్యి."

యూఫెన్ పెట్టె తీసుకోలేదు, వద్దని తిప్పికొట్టనూ లేదు.

"అందర్నీ నేనే నిలబెట్టానా?" అని అడిగింది.

"అందర్నీ."

"మరి నన్నెవరు నిలబెట్టారయ్యా?"

దెమావ్ తలెత్తాడు. అటూ ఇటూ చూశాడు. సుత్తి ఆవిడ చేతిలో ఉండగా ఆవిడ నెత్తిన కొట్టేవాడెవడూ అక్కడ లేడు. పక్కింటికి పోయి అడగడానికి ఉప్పూ లేదు, అల్లమూ లేదు. దారి మాత్రం నాలుగు వైపులా ఉంది. వాచిన పెదాలతో, పెళ్లినాటికంటే ఎక్కువ సిగ్గుపడుతూ అడిగాడు.

"బాగుందా?"

"ఏం బాగు? మధ్యలో రెండుసార్లు పారిపోదామనుకున్నాను," అంది యూఫెన్. "పోలేదు."